కుక్క కూర్చున్న చోటే పార్కు

"మనిషికి పార్కు ఉన్నది. మరి కుక్కకు?"

ఈ ప్రశ్న వేసి చంద్రకాంత్ అన్న మైకు ముందు కాసేపు ఆగారు. వికారాబాద్ విలేకరులంతా తలలు వంచి ఆలోచనలో పడ్డారు. మన ఊర్లో మనిషికైనా చెప్పుకోదగ్గ పార్కు ఎక్కడుందని ఒకాయన గొణిగాడు గాని, అప్పటికే టిఫిన్లు వచ్చేశాయి.

అన్న గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఎమ్మెల్యే టికెట్ ఇస్తామంటే నమ్మి, జుట్టు తెల్లబడేదాకా జెండా మోసిన మనిషి. టికెట్ రాలేదు. ఆయన కండ్లల్లో నీళ్లు చూసి పార్టీ చలించిపోయి, ఆయన కోసం ఒక సంస్థనే పుట్టించింది. వికారాబాద్-తాండూరు జంట పట్టణాల శునక వికాస సంస్థ. ఈ రెండు ఊర్ల మధ్య అడవి ఉంది, వాగులున్నాయి, రైల్లో ఒక నిద్ర తీసేంత దూరం ఉంది. అయినా జీవోలో జంట అని రాశారు కాబట్టి జంటే. అన్న దానికి చైర్మన్. కారు, కారు మీద బుగ్గ లేదు గాని బుగ్గ ఉన్నంత సైరన్, ఒక ఆఫీసు వచ్చాయి.

ఆ ఆఫీసు ఎదురుగానే నా జిరాక్స్ దుకాణం. మాది మోమిన్‌పేట్ దిక్కు ఊరు. డిగ్రీ చదివి ఇక్కడ మిషను పెట్టుకున్నాను. అందువల్ల శునక వికాసం ఎంత వేగంగా జరుగుతుందో రోడ్డు దాటకుండా చూసే భాగ్యం దక్కింది.

"జంట పట్టణాలకు కలిపి ఒక శునక ఉద్యానవనం," అని అన్న ప్రకటించారు. "వాకింగ్ ట్రాక్ ఉంటది. స్విమ్మింగ్ పూల్ ఉంటది. సెల్ఫీ పాయింట్ ఉంటది. నిధులు శాంక్షన్ అయినయి."

"యాడ పెడ్తున్నరన్నా?" అని ఒక విలేకరి అడిగాడు.

"గదొక్కటే తేలాలె. మిగిలిందంత అయిపోయినట్టే."

వేదిక మీద అన్న పక్క కుర్చీలో ఆయన లాబ్రడార్ కుక్క టైసన్‌ను మెడలో బంతిపూల దండ వేసి కూర్చోబెట్టారు. అది ఆఖరిదాకా ఎవరినీ కరవలేదు. మర్నాడు పేపర్లో 'ప్రశాంతంగా ముగిసిన సమావేశం' అని వచ్చింది.

స్థలం తేల్చడానికి పాలకమండలి కూర్చుంది. అజెండా కాపీలు ఇవ్వడానికి పోయి నేను తలుపు దగ్గర నిలబడిపోయాను.

"పార్కు అనంతగిరి రోడ్డు మీదనే పెట్టాలె," అన్నాడు వికారాబాద్ సభ్యుడు జంగప్ప. "చల్లగాలి. కుక్కల ఊపిరితిత్తులకు మంచిది."

"మీ కుక్కలకేమైంది ఊపిరితిత్తులు?" అన్నాడు తాండూరు సభ్యుడు వేణు. "మా దిక్కు బండల పాలిష్ దుమ్ముకు కుక్కలు దగ్గుతున్నయి. పార్కు మాకు గావాలె."

"దగ్గుతున్నయని సర్టిఫికెట్ ఉన్నదా?"

"మీ కుక్కలు చల్లగాలి అడిగినయని ఉన్నదా?"

సంస్థ ఎండీ భాగ్యశ్రీ మేడమ్ గొంతు సవరించుకున్నారు. చిన్న వయసు, పెద్ద చదువు. కాగితం మీద ఏం రాసి ఉంటే అది అక్షరాలా చేసే మనిషి. ఇలాంటి ఆఫీసర్లు అరుదు కాబట్టే ఎక్కడా ఎక్కువ రోజులు ఉంచకుండా అన్ని జిల్లాలకూ పంచుతుంటారు.

"రెండు ఊర్లకు మధ్యలో, అడవి పక్కన పెడితే ఎవరికీ బాధ ఉండదు కదా," అన్నారు మేడమ్.

"మనుషులే ఉండరు గద మేడం ఆడ," అన్నారు జంగప్ప, వేణు ఒకేసారి. ఆ రోజు వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం ఇదొక్కటే.

"పార్కు కుక్కలకు కదా?"

అందరూ ఆమెను జాలిగా చూశారు.

ఒక్క మాట చెప్పుకోవాలి. ప్రతి సభ్యుడూ తన సొంత ప్లాట్లకు ఆనుకుని ఉన్న జాగనే సూచించాడు. పొద్దస్తమానం కుక్కల మొరుగుడు తన ప్లాట్ల పక్కనే పడనిమ్మని ముందుకొచ్చే ఆ గుండె నిబ్బరం మామూలు మనుషులకు ఉండదు. ఇంత త్యాగం ఒకే గదిలో పోగుపడటంతో స్థలం మాత్రం తేలలేదు.

అప్పుడు రాజేందర్ లేచాడు. రాజేందర్ అన్నకు కుడి భుజం, అవసరమైతే ఎడమ భుజం కూడా. యాలాల్ దగ్గర పల్లె అతనిది.

"అన్నా, మా ఊర్లె బాయి తవ్వాలంటె మా తాతలు ఆవును ఇడుస్తుండిరి. ఆవు యాడ పండుకుంటె ఆడ గడ్డపార ఏస్తుండిరి."

"నీళ్లు పడుతుండెనా?"

"పడకుంటె ఆవును అడుగుతరా అన్నా. ఎవ్వరు ఎవ్వర్ని తిట్టేది లేదు. గదే లాభం."

అన్న కండ్లు మెరిశాయి. "అంటే మనం టైసన్‌ను..."

"ఇడుద్దాం. యాడ కూసుంటె ఆడ పార్కు. రాజకీయాల్లేవు, సిఫార్సు లేదు. కుక్క మాట ఎవడు కాదంటడు?"

మేడమ్ దీన్ని 'లబ్ధిదారుల ప్రత్యక్ష భాగస్వామ్యంతో స్థల ఎంపిక' అని తీర్మానం రాశారు. శునకం తన ఇష్టప్రకారం ఎక్కడ కూర్చుని, పిలిచినా లేవకుండా ఉంటుందో, ఆ స్థలం ఎవరిదైనా, దానిపై ఏమున్నా, పార్కుకే చెందుతుంది. ఈ నిర్ణయమే అంతిమం. 'దానిపై ఏమున్నా' అనే మాట అన్నే చెప్పి మరీ రాయించారు. ఏ పేదోళ్ల గుడిసెలైనా అడ్డం వచ్చి, కోర్టులని గీర్టులని పార్కు ఆగిపోకూడదని ఆయన ముందుచూపు.

ముందు ఏ ఊర్లో కుక్కను వదలాలన్నది బొమ్మా బొరుసు వేసి తేల్చారు. వికారాబాద్ వచ్చింది. రూపాయి బిళ్ల అన్నదే.

ఆ వారం వికారాబాద్ మటన్ దుకాణాల్లో కుక్కలు కొరికే బొక్కలు దొరకలేదు. అన్నీ సభ్యుల ప్లాట్ల పక్క జాగల్లో, చెట్ల మొదళ్ల దగ్గర, రాళ్ల కింద పద్ధతిగా సర్దబడ్డాయి. జంగప్ప అయితే బొక్కల మీద కొంచెం నెయ్యి కూడా వేయించాడని చెప్పుకున్నారు.

టైసన్‌ను ఆఫీసు గేటు దగ్గర వదిలారు. ముందు టైసన్, వెనక టేపు పట్టుకుని మేడమ్, ఆ వెనక ఓపెన్ టాప్ జీపులో దండం పెడుతూ అన్న, ఆ వెనక బ్యాండు. టైసన్ ఒక్క బొక్కను కూడా ముట్టలేదు. నెయ్యి బొక్కను వాసన చూసి, కాలెత్తి, తన పని చూసుకుని ముందుకు సాగింది.

"క్రమశిక్షణ అంటే గది," అన్నారు అన్న మైకులో.

టైసన్ నేరుగా కాలేజీ గ్రౌండు మూలకు పోయి, రాహేలమ్మక్క బోటి బండి ముందు కూర్చుంది.

రాహేలమ్మక్క ఆ మూల మీద మేక పేగులతో చేసే బోటి కూర, జొన్నరొట్టె అమ్ముతుంది. మొగడు పోయినంక ఆ మూలే ఆమెకు పొలం, ఆ బండే ఆమెకు నాగలి. బిడ్డ రెబెక్క నర్సింగ్ చదువు ఆ పొయ్యి మీదనే ఉడుకుతుంది. పల్లెల నుంచి బస్సు దిగే కూలోళ్లు, ఆటోవాళ్లు, నేను, కండ్లు మూసుకుని ఆ మూలకు చేరగలం. బోటి తినేటోడు అడ్రసు వెతుక్కుంటూ రాడు. అలవాటైన మూలకు వస్తాడు. మూల పోతే గిరాకీ పోతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్న డ్రైవరు రోజూ సాయంత్రం టైసన్‌ను వాకింగ్‌కు తోలుకుపోయేది కూడా ఆ మూలకే. ఈ సంగతి నాకు తెలుసు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"టైసన్, కమాన్," అన్నారు అన్న. టైసన్ లేవలేదు. ఇంకోసారి పిలిచారు. తోక మాత్రం ఊపింది. బ్యాండు మోగింది.

"ఏంది సారూ గీ లొల్లి?" అంది రాహేలమ్మక్క. "కుక్కకు ఆకలైందా?"

"అమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి," అన్నారు అన్న. "చరిత్ర వచ్చి నీ బండి ముంగట కూసున్నది."

"కూసుంటె కూసున్నది. జర పక్కకు కూసోమనుండ్రి సారూ, గిరాకొచ్చే యాళ్లైంది."

మేడమ్ టేపు విప్పారు. "అమ్మా, ఇది ఇప్పుడు పార్కు స్థలం. బండి తీసేయాలి."

"మేడం, కుక్క నా బోటికొచ్చింది. జాగకు రాలె."

మేడమ్ తీర్మానం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. "ఎందుకు కూర్చుందనే పాయింటు ఇందులో లేదమ్మా," అన్నారు. ఆమె గొంతులో నిజంగానే కొంచెం బాధ ఉంది.

"మరి నన్ను యాడికి పొమ్మంటరు?"

"ఊరంత నీదే గద పెద్దమ్మా," అన్నాడు రాజేందర్.

సాయంత్రానికల్లా మూల చుట్టూ కట్టెలు పాతారు, తీగ చుట్టారు.

మర్నాడు రాహేలమ్మక్క ఊరంతా తిరిగి, బైపాసు మీద పెండ్లి బ్యాండు మోగుతున్న చోట ఆగింది. అది అన్న ఫంక్షన్ హాలే. చంద్రకాంత్ కన్వెన్షన్. పెండ్లి బస్సుల డ్రైవర్లు బోటి వాసనకు ఆమెను గేటు లోపలికే పిలిచి, మెట్ల పక్క నీడలో బండి పెట్టించారు. ఆ రోజు ఆమె కూర అయిపోయింది. కాని డ్రైవర్లు రేపు ఇంకో ఊరు పోతారు. అలవాటు గిరాకీ గ్రౌండు మూల కాడ తీగ పట్టుకుని నిలబడి చూసి వెనక్కి పోయిందని నాకు తెలుసు. అందులో నేనూ ఉన్నాను.

గ్రౌండు మూలలో భూమిపూజ పెట్టారు. తాండూరు నుంచి పెద్ద బండ తెప్పించి పేర్లన్నీ చెక్కించారు. పైన అన్న పేరు, కింద టైసన్ పేరు, ఆ కింద సభ్యులు. ఆ వరుస మీద జంగప్ప అలిగితే, టైసన్ ఎవరి కుక్కో గుర్తు చేసి సముదాయించారు. అంతా సిద్ధం. కొబ్బరికాయ చేతిలో ఉంది. టైసన్ లేదు.

గొలుసు తెంపుకుని పోయింది. అందరం కార్లెక్కి వెతికాం. ఫంక్షన్ హాలు మెట్ల మీద, బోటి బండికి ఎదురుగా కూర్చుని కనిపించింది. విలేకరులు మాకంటే ముందే చేరారు.

అన్న పిలిచారు. లేవలేదు. బతిమాలారు. లేవలేదు. చిన్నప్పుడు ఎట్లా ఎత్తుకు పెంచారో గుర్తు చేశారు. టైసన్ ఆవులించింది.

మేడమ్ టేపు తీశారు.

"ఏంది మేడం అది?"

"కొలతలు సార్. మొదటిసారి కూర్చున్నదే లెక్క అని తీర్మానంలో లేదు."

"గిది నా హాలు."

"స్థలం ఎవరిదైనా, అని ఉంది సార్."

"బిల్డింగున్నది గద మేడం."

"దానిపై ఏమున్నా, అని ఉంది సార్. మీరే చెప్పి రాయించారు."

అంతలో సర్వేయరు వచ్చి మేడమ్ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె ముఖం వెలిగింది. "శుభవార్త సార్. హాలు సగం సర్కారు భూమిలోనే ఉందట. మనకు భూసేకరణ ఖర్చు కూడా మిగిలింది."

అన్న కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరో దాన్ని మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకున్నారు.

సాయంత్రం ప్రెస్ మీట్. "సొంత బిడ్డ లెక్క సాదిన," అన్నారు అన్న గద్గద స్వరంతో. "ఎవని మాటలు ఇన్నదో, ఏం ఆశ చూపిండ్రో, టైసన్ పార్టీ మారింది." ఆరోపణ వచ్చిన గంటలోపే ప్రతిపక్షం వాళ్లు టైసన్‌ను తమ ఆఫీసుకు తోలుకుపోయి మెడలో కండువా కప్పారు. టైసన్ ఆ కండువాను కొరికి చింపింది. చేరిన రోజే ఇంత చొరవ చూపిన కార్యకర్తను ఇదివరకు చూడలేదని వాళ్ల జిల్లా అధ్యక్షుడు అన్నాడు.

తీర్మానం రద్దు చేద్దామంటే నిధులు వెనక్కి పోతాయి. నిధులు వెనక్కి పోవడం అన్న సహించలేని విషయాల్లో మొదటిది. అందుకని ఒక్క సవరణ చేశారు. శునకం అన్న చోట 'తటస్థ శునకం' అని. దాంతో టైసన్ కూర్చున్నది చెల్లకుండా పోయింది. లంచం తినని కుక్క కావాలి. మాంసం ముట్టని కుక్క అయితే ఏ ప్రలోభమూ పనిచేయదని మేడమ్ సూచించారు. వికారాబాద్ కుక్కయితే పక్షపాతం అంటారు కాబట్టి తాండూరు పోయాం. కాగితాల సంచి మోయడానికి నన్నూ జీపెక్కించారు.

వీరేశం తాండూరులో కందిపప్పు వ్యాపారి. ఇంట్లో మాట్లాడేది కన్నడం. ఆయన కుక్క ముత్యం, పేరుకు తగ్గట్టు తెల్లగా, దుకాణంలో గోనెసంచి మీద పడుకుని ఉంది. పెరుగన్నం, పప్పన్నం తప్ప ఇంకోటి ఎరగదు.

"మాంసం ముట్టదా?" అన్నారు మేడమ్.

"ఏన్రీ ఆ మాట," అని వీరేశం చెవులు మూసుకున్నాడు. "మా ఇంట్ల ఉల్లిగడ్డ కోస్తేనే గడప దాటి పోతది. సోమారం ఒక్కపొద్దుంటది."

మేడమ్ పరీక్ష కోసం తెచ్చిన బొక్కను ముత్యం ముందు పెట్టారు. ముత్యం దాన్ని చూసి, వీరేశాన్ని చూసి, ముఖం గోడకు తిప్పుకుంది. వీరేశం బొక్క మీద గుడ్డ కప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం.

"రాజకీయ సంబంధాలేమైనా ఉన్నాయా?"

"మేం వ్యాపారస్తులం మేడం. అందరికి చందా ఇస్తం. ఓటు ఎవలకేస్తమో ముత్యానికి సుత చెప్పం."

"గింత నిజాయితీ నేను యాడ చూడలే," అన్నారు అన్న, నిజాయితీగానే.

"పని కాంగనే పంపియ్యాలె," అన్నాడు వీరేశం. "బయట కూడు పెట్టొద్దు. నేనే వస్త, పెరుగన్నం కట్టుకొని."

తిరుగు ప్రయాణంలో అన్న ముందు సీట్లోంచి రాజేందర్ వైపు వంగారు. "గ్రౌండు మూల కాడ పెరుగన్నం పెట్టు. మంచిగ పోపేసి. ఈసారి ఆడనే కూసోవాలె. మనం పాతిన కట్టెలు గట్లనే ఉన్నయి గద."

నేను కిటికీలోంచి కంది చేన్లు చూస్తూ కూర్చున్నాను. అంటే రాహేలమ్మక్క మూల ఇక ఆమెకు లేనట్టే.

ఈ లోపల ఆమెకు ఊర్లో నిలబడే చోటే కరువైంది. బండి ఆగితే కుక్క కూర్చుంటుంది, కుక్క కూర్చుంటే జాగ పోతుంది అని వికారాబాద్ అంతా గ్రహించింది. స్టేషన్ దగ్గర ఆపితే దుకాణదారులు చీపుర్లు పట్టుకుని వచ్చారు. కూరగాయల మార్కెట్ దగ్గర ఆపితే, "రాహేలమ్మా, నీకు దండం పెడ్త, జర ముంగటికి పోనియ్యి," అన్నారు. ఆమె బండి నూకుతూ నూకుతూ అమ్మేది. నడిచే బండి వెంట నడుస్తూ బోటి తినడం అందరికీ సాధ్యం కాదు. చదువు ఆపి బండి వెంట వస్తనని రెబెక్క అన్నదట. ఆ మాట అన్నందుకు రెబెక్కకు గరిటెతో దెబ్బ పడిందని కూడా విన్నాను.

ముత్యాన్ని వదిలే రోజు పొద్దున రాహేలమ్మక్క నా దుకాణం ముందు ఆగింది.

"తమ్మీ, ఒక అర్జీ రాయి. మేడంకు ఇస్త."

"ఏమని రాయాలక్కా?"

"నా మూల నాకియ్యమని."

రాశాను. "ఇంకేమైనా రాయాలా?"

"ఇంకేముంటది తమ్మీ. గంతే ఉన్నది నాకు."

కాగితం మడిచి కొంగున పెట్టుకుంది. "లోపల ఇచ్చి వచ్చేదాక బండి ఈడ పెట్టిపోవాల్నా?"

పెట్టక్కా అనబోయి ఆగాను. అద్దెదైనా దుకాణం నాది. కుక్క వచ్చి కూర్చుంటే? నా ముఖం చూసి ఆమె నవ్వింది. "ఫికర్ చెయ్యకు తమ్మీ. బండి నాతోనే ఉంటది."

బండి తిప్పి రోడ్డు దాటించింది.

అదే సమయానికి ఆఫీసు గేటు దగ్గర వీరేశం ముత్యం మెడ పట్టీ విప్పాడు. ముత్యం ఒళ్లు దులుపుకుంది. గ్రౌండు వైపు నుంచి పోపు వాసన వస్తుందో లేదో గాని, ఆ దిక్కుకే బుద్ధిగా నడక మొదలుపెట్టింది. అన్న ఊపిరి పీల్చుకోవడం రోడ్డు ఇవతల నాకు వినిపించింది.

రాహేలమ్మక్క గేటు దగ్గరికి వచ్చి, అడుగంటుతుందేమోనని మూత తీసి గరిటె తిప్పింది.

ముత్యం ఆగింది. తల తిప్పింది. ముక్కు పైకెత్తింది. పుట్టినప్పటి నుంచి పప్పన్నం తిన్న ఒక ప్రాణి, తన జాతి ఏమిటో నడిబజారులో గుర్తు చేసుకోవడం నేను కండ్లారా చూశాను.

"ముత్యం, వద్దమ్మా," అన్నాడు వీరేశం. "ముత్యం, అది బోటి."

ముత్యానికి ఆ ముక్క చెప్పక్కర్లేకపోయింది. ఆఫీసుకు కుక్కలు సులువుగా ఎక్కాలని కట్టించిన ర్యాంపు ఉంది. దాని మీదుగా రాహేలమ్మక్క బండిని నేరుగా లోపలికి నూకింది. వెనక ముత్యం. ముత్యం వెనక వాళ్లంతా, రోడ్డు దాటి నేను. అక్క వరండా దాటి, 'చైర్మన్' అని రాసిన తలుపు తెరిచి ఉంటే అందులోకి పోయి, బల్ల ముందు ఆగింది.

"మేడం, గిదిగో అర్జీ," అంది. "మీరు యాడ పెట్టుమంటరో జెప్పేదాక బండి ఈడనే ఉంటది. ఇగ నా కాళ్లల్ల తిరిగే బలం లేదు."

మేడమ్ అర్జీ చదువుతున్నారు. చదవాల్సింది ఒక్క లైనే అయినా చాలాసేపు చదివారు. ముత్యం మాత్రం రాహేలమ్మక్క ముఖంలోకే చూస్తూ ఉంది.

"నీకు గుడ ఎవ్వరు పెట్టలేదా?" అని ఆమె మోదుగాకులో రెండు ముక్కలు వేసి కింద పెట్టింది.

వీరేశం కండ్లు మూసుకున్నాడు. ముత్యం తిన్నది, ఆకు నాకింది, గది నలుమూలలా చూసింది. అన్న కుర్చీ ఖాళీగా ఉంది. ఎక్కి, ఒకసారి గుండ్రంగా తిరిగి, కూర్చుంది.

అన్న పిలిచారు. రాజేందర్ పిలిచాడు. వీరేశం పెరుగన్నం గిన్నె తెరిచి కన్నడంలో, తెలుగులో పిలిచాడు. ముత్యం కండ్లు సగం మూసింది.

మేడమ్ అర్జీని ఫైల్లో పెట్టి టేపు తీశారు.

"ఇగ దాన్ని నేను ఇంటికి తోలకపోను," అన్నాడు వీరేశం గిన్నె మూత పెట్టుకుంటూ. "మీరే ఉంచుకోండ్రి." తాండూరు రైలుకు వెళ్లిపోయాడు.

ఇలాంటి ఘడియల్లోనే నాయకుడు ఎవరో తెలుస్తుంది. అన్న తలుపు పక్కన కాసేపు నిలబడి ఆలోచించారు. తర్వాత బయటికి వచ్చి మైకు అందుకున్నారు. "కుక్కల కోసం నా కుర్చీనే ఇడిచిపెడుతున్న," అన్నారు. జిందాబాద్‌లు మిన్నంటాయి. నాకూ ఒళ్లు పులకరించింది.

ఆఫీసు బిల్డింగు పార్కు అయింది. మరి ఆఫీసుకు చోటు కావాలి కదా. ఊర్లో అంత పెద్ద బిల్డింగు ఇంకెక్కడుంది. చంద్రకాంత్ కన్వెన్షన్‌ను నెల కిరాయికి తీసుకున్నారు. సర్కారు ఆఫీసు ఉన్న చోట కింద సర్కారు భూమి ఉండటం సహజమేనని సర్వేయరు రాసిచ్చాడు. మేడమ్ దాని మీద ఒక ప్రశ్న అడిగారట. ప్రస్తుతం ఆమె సేవలు ఇంకో జిల్లాకు అందుతున్నాయి.

పార్కుకు రంగులేశారు. వరండాలో సెల్ఫీ పాయింట్ పెట్టారు. టీకా కాగితాలు, మెడపట్టీ, ఓనరు ఆధార్ ఉన్న కుక్కలకే ప్రవేశం. అవన్నీ ఉన్న కుక్కలు బంగ్లాల్లో ఏసీ కింద పడుకుంటాయి గనుక పార్కుకు రావు. లోపల ముత్యం ఒక్కటే ఉంటుంది. ఎక్కువ సేపు ఆ కుర్చీలోనే.

రాహేలమ్మక్క అర్జీకి జవాబు రాలేదు. గ్రౌండు మూల అవసరం తీరింది కాబట్టి కట్టెలు పీకి ఇంకెక్కడికో తీసుకుపోయారు. ఆమె ఎవరినీ అడగకుండా బండి తెచ్చి పెట్టుకుంది. రెబెక్క పరీక్షలకు చదువుకుంటుంది.

మొన్న మధ్యాహ్నం నేను అక్కడ తింటుంటే మా దిక్కు కిష్టప్ప తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరకుక్కలు మంద మీద పడి ఆయన మేకపిల్లల్ని చంపాయి. పరిహారం కోసం శునక వికాస సంస్థ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఆఫీసుకు పోయినవా తాతా?" అని అడిగాను.

"పోయొస్తున్న."

"యాడికి? గీ పాత దానికా? అది ఇప్పుడు పార్కు గద. లోపల కుక్కనే ఉంటది."

"నాకేం కండ్లు లేవా. కుర్చీల కుక్కనే ఉన్నది." రొట్టె తుంచి కూరలో అద్దుకున్నాడు. "అంత దూరం పోయినంక ఊకెనే ఎందుకు రావాలె అని, నిలబడి మొత్తం జెప్పిన. మీవోళ్లే మీద వడి సంపిండ్రని జెప్పిన."

రాహేలమ్మక్క గరిటె ఆపింది. "ఏమన్నది మరి?"

"ఏమంటది. తల దించుకున్నది."

ముద్ద నమిలి మింగి, నీళ్లు తాగి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"గిన్ని దినాల సంది తిరుగుతున్న గా రూముకు," అన్నాడు. "తల దించుకున్నది గిదొక్కటే."